ఏడు శుక్రవారాల గీత

పోయిన శుక్రవారం పొద్దున రాజేశం అన్న తన కూతురు నిఖితను వెంటబెట్టుకుని దోహాలో అల్ సద్‌లోని మా ఫ్లాటుకు వచ్చాడు. రాజేశం అన్న ఒకప్పుడు గ్యాసు ప్లాంటులో మా బాపు కింద పనిచేశాడు. నిఖిత పన్నెండో తరగతి చదువుతోంది, ఇక్కడే మెడిసిన్‌కు అప్లై చేస్తుంది. మార్కులకు లోటు లేదు. లోటు ఎక్కడుందో ఆమె సలహాదారు ఒక జాబితా రాసి ఇచ్చాడు: సమాజ సేవ, నాయకత్వం, పరిశోధన, కళ, క్రీడ. ఒక్కోదాని ఎదురుగా చిన్న గడి. మూడు గడుల్లో టిక్కు ఉంది, రెండు ఖాళీ. ఆ ఖాళీలు నింపడానికి నా ఫైలు కావాలట.

"ఆ నల్ల ఫైలు ఇయ్యి తమ్మీ," అన్నాడు రాజేశం అన్న. "అసొంటి ఫైలు దోహాల ఇంకొకలకు లేదని మీ బాపు ఎప్పుడు చెప్తుండె. పొల్ల ఫార్మాట్ చూసుకుంటది."

"ఆ ఫైలుతోటి నాకు సీటు రాలేదన్నా."

"అది నీ నసీబు. ఫైలుదేం తప్పు?"

బాపు రిటైరై నిజామాబాదు పోయేటప్పుడు నా దగ్గర మూడు వస్తువులు వదిలాడు: పనిముట్ల పెట్టె, కరెంటు కుక్కరు, ఈ ఫైలు. మొదటి రెండూ వాడుతున్నాను. ఫైలును అల్మారా పై అరలో, సూట్‌కేసుల వెనక పెట్టాను. కిందికి దించితే అట్టల మధ్య నుంచి పాత జిగురు వాసన, దాని అడుగున ఎక్కడో మా అల్ ఘర్రాఫా ఇంటి వాసన.

అది విల్లా అంటే విల్లానే, కాకపోతే ప్లైవుడ్ గోడలు పెట్టి పోర్షన్లుగా కోసిన విల్లా. చమురు, గ్యాసు ధరలు ఎగబాకుతున్న రోజులవి. ఆ సంగతి మాకు పేపరు చదవకుండానే తెలిసేది: బాపు ఎక్కే కంపెనీ బస్సు ఒకటి మూడయింది, మా విల్లాలో పోర్షన్లు నాలుగు ఆరయ్యాయి, మేడమీద నుంచి కనబడే క్రేన్లను పదహారు దాకా లెక్కపెట్టి నేను మానేశాను. ప్లైవుడ్ గోడకు అవతల హైదరాబాదు నుంచి వచ్చిన రఫియా ఖాలా వాళ్లుండేవాళ్లు. ఆమె బగారా అన్నానికి మసాలా వేయిస్తే మా ఇంట్లో ఆకలయ్యేది. మా అమ్మ పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ పిసికితే అటు నుంచి గిన్నె వచ్చేది. బాపు డ్యూటీ బట్టలు మాత్రం ఎవరికీ ఆకలి పుట్టించేవి కావు. వాటికి ప్లాంటు వాసన, మురిగిన గుడ్డు లాంటిది. అమ్మ వాటిని వేరే బకెట్లో నానబెట్టి, వేరే తీగ మీద ఆరేసేది.

బాపు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. పీడనం, ఉష్ణోగ్రత చూపించే గేజీలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి, వాటికి తేదీ వేసిన ట్యాగు కట్టడం ఆయన పని. ఇంటికి వచ్చినా ఆ చేతులు ఊరుకునేవి కావు. గ్యాసు సిలిండరు మీద మార్చిన తేదీ, ఏసీ మీద కడిగిన తేదీ, ఫ్రిజ్జు తలుపుకు వారం వారం లోపలి చల్లదనం రాసే కాగితం. "నాకు గూడ ఒక ట్యాగు కట్టుండ్రి," అనేది అమ్మ, "ఎప్పుడు ఖరాబైతనో తెలుస్తది." ఆయన నవ్వేవాడు కాదు. ప్లాంటులో కొందరు ఎండకు భయపడి ఏసీ గదిలోంచి కదలకుండా నిన్నటి రీడింగులే ఇవాళ రాస్తారని, వాళ్లంటే ఆయనకు పరమ అసహ్యం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి విన్న పాఠం ఒకటే: "మనం రీడింగు తీసేటోళ్లం. వాల్వు తిప్పేటోళ్లు వేరే ఉంటరు. గేజీ ముందట నిలబడి తెలివి చూపియ్యకు. ఉన్నది ఉన్నట్టు రాయి." ఈ పాఠాన్ని నేను ఎంత బాగా వంటబట్టించుకున్నానో ఈ ఫైలే సాక్ష్యం.

నన్ను డాక్టరు చేయాలన్నది ఇంట్లో ఎవరూ చర్చించని విషయం. నేను పదకొండో తరగతిలో ఉండగా ఆ చర్చ అవసరం లేకుండా చేసిన పెద్దమనిషి ప్రసాద్ గారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చారు, మా తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆయన ఏ ఇంటికి వచ్చినా ముందు పిల్లల మార్కులు అడిగి, అవి విన్న తర్వాత జాలిగా తల ఊపేవారు. "మార్కులు అందరికీ వస్తాయండీ. ఇక్కడి మెడికల్ కాలేజీ వాళ్లు మార్కులు చూడరు, ప్రొఫైల్ చూస్తారు. మీ వాడికి ప్రొఫైల్ ఏదీ?" అన్నారు మా ఇంట్లో చాయ్ తాగుతూ. బాపుకు ప్రొఫైల్ అంటే ఏమిటో తెలియదు. రుజువు కాగితాలు కావాలని మాత్రం అర్థమైంది, కాగితాల పని ఆయనకు చేతనవును. మర్నాడే ప్లాంటు ఫైళ్ల లాంటి నల్ల ఫైలు వచ్చింది: రంగుల విభజన అట్టలు, ముందు విషయ సూచిక, సూచిక కింద సవరణ నంబరు. నేను ఇంకా ఏ సేవా మొదలుపెట్టక ముందే నా సేవల సూచికకు సున్నా నంబరు సవరణ తయారైంది.

మొదటి సేవ అల్ వక్రా సముద్రపు ఒడ్డు శుభ్రం చేయడం. ఎనిమిది మంది పిల్లలం, మా తల్లిదండ్రులు పదిహేను మంది, ఒక బ్యానరు. మేం చేరేసరికి ఒడ్డు అద్దంలా ఉంది. మున్సిపాలిటీ కూలీలు ఇద్దరు తెల్లవారుజామునే ఊడ్చి, చెత్తను నాలుగు సంచుల్లో కట్టి, బండి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ప్రసాద్ గారు ఒక్క క్షణం ఆలోచించి, రెండు సంచులు విప్పి ఇసుకలో పోయమన్నారు. కూలీల్లో ఒకతను మావైపువాడే. "పోస్త గని సార్, మల్ల ఏరేది మీరేనా, మేమా?" అన్నాడు. "ఫోటో అయ్యేదాకా మేమే నాయనా," అన్నారు ప్రసాద్ గారు. నిజాయితీగల జవాబు. ఫోటో అయింది, ఎండ ఎక్కింది, అందరం బండ్లెక్కాం. నా సర్టిఫికెట్టు మీద నాలుగు గంటలు అని ఉంది. గడియారం చూసిన వాణ్ణి నేను: ముప్పై అయిదు నిమిషాలు. ఆ తేడాను ఆ పిల్లల్లో నేనొక్కణ్ణే గమనించానని చాలా రోజులు గర్వపడ్డాను.

రెండోది ఆరోగ్య శిబిరం. నగరం చివర కార్మికుల క్యాంప్ ఒకదానిలో, వాళ్లకున్న ఒకే సెలవు రోజు శుక్రవారం, నమాజు వేళకు ముందు రెండు గంటలు బీపీ చూడాలి. దానికోసం ప్రసాద్ గారు మాకందరికీ తెల్లకోట్లు కుట్టించారు. నాది భుజాల దగ్గర వదులు. ఇంట్లో వేసి చూసుకుంటుంటే రఫియా ఖాలా తలుపు దగ్గర నిలబడి, "అరె, డాక్టర్ సాబ్ ఐపోయినవా బాబూ? నా మోకాలు జర చూడు, మెట్లు ఎక్కనిస్తలేదు," అంది. అందరం నవ్వాం. ఆమె మోకాలు ఎవరూ చూడలేదు.

శిబిరం మొదటి రోజు నిజం డాక్టరు ఒకాయన వచ్చి, రిబ్బను కత్తిరించి, ఫోటో దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత అంతా మా రాజ్యం. ఒక్కొక్కరికి ఒక బల్ల, ఒక బీపీ మిషన్, ఒక రిజిస్టరు. పది నిమిషాలు గడవకముందే ప్రసాద్ గారు బల్లల వెనక నుంచి వంగి మెల్లగా చెప్పుకుంటూ పోయారు: "నూట ఇరవై, ఎనభై. కొంచెం అటూ ఇటూగా రాసేయండి బాబూ. పెద్ద పెద్ద నంబర్లు రాస్తే క్యాంప్ బాస్ కంగారుపడతాడు, వచ్చే వారం గేటు తీయడు." మిగతా ఏడుగురూ అట్లాగే రాశారు. ఒకడైతే పట్టీ చుట్టకుండానే రాశాడు. ఆ రిజిస్టర్ల ప్రకారం ఆ క్యాంప్‌లోని వందల మంది గుండెలు ఒకే ఫ్యాక్టరీలో తయారైనవి. నేను మాత్రం ప్రతి మనిషినీ అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, మూడుసార్లు చూసి, సగటు వేసి రాశాను. ఉన్నది ఉన్నట్టు. బాపు కొడుకును.

నా బల్ల దగ్గరికి వచ్చిన వాళ్లలో నాలుగో మనిషి గంగారాం. నలభై దాటిన మనిషి, షట్టరింగ్ కార్పెంటరు, చేతి వేళ్లకు మేకుల మచ్చలు. నా మాట వినగానే ముఖం విప్పారింది.

"తెలుగోనివేనా? ఏ ఊరు తమ్మీ?"

"మాది నిజామాబాద్. నేను ఈడనే పెరిగిన."

"అట్లనా. మాది మెట్‌పల్లి అవుతల," అని ఊరి పేరు చెప్పాడు. నేను పట్టీ బిగిస్తున్నాను. "డాక్టరువేనా?"

"ఇంక కాలేదన్నా."

"మరి కోటెందుకు ఏసుకున్నవ్?"

వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. యూనిఫాం అని చెప్పాను. "మంచిగున్నది," అన్నాడు గంగారాం, తన పచ్చ రంగు సైటు జాకెట్టు వైపు చూసుకుంటూ. "మాకు గూడ ఇచ్చిండ్రు, గని దీనికి జేబులు లెవ్వు." పై బీపీ నూట అరవై ఎనిమిది, కిందిది నూట నాలుగు. ఎట్లుందని అడిగితే జర ఎక్కువ ఉందన్నాను. పొద్దున లేస్తే తల నొస్తుందని, మెట్లెక్కితే కళ్ల ముందు చుక్కలు కనబడతాయని చెప్పాడు. విన్నాను. రిజిస్టరులో వాటికి కాలమ్ లేదు.

అప్పటి నుంచి గంగారాం ప్రతి శుక్రవారం నా బల్లకే వచ్చాడు. వేరే బల్ల ఖాళీగా ఉన్నా నా వరుసలోనే నిలబడేవాడు. తన గదివాళ్లను కూడా తెచ్చేవాడు. "మా తమ్మి మంచిగ చూస్తడు. మూడుసార్లు చూస్తడు, ఒక్కసారి గాదు," అని వాళ్లకు చెప్పేవాడు, సొంత మనిషి గురించి చెప్పినట్టు. చొక్కా చేయి ముందే మడిచి, చేయి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ క్యాంప్‌లో ఆయనను వారానికి ఒకసారైనా ముట్టుకుని చూసేవాడు నేనొక్కణ్ణేనని నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది వేరే. అదే మనిషి, అదే చేయి, అదే మిషన్, అదే వేళ. సంఖ్య వారం వారం పెరుగుతోంది. నూట డెబ్బై రెండు. నూట డెబ్బై తొమ్మిది. ఒక వారం కొంచెం దిగి, మళ్లీ నూట ఎనభై ఎనిమిది.

ఇంటికి వచ్చి బాపుకు రిజిస్టరు చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కొక్క వరుసా చూశాడు. శిబిరం నుంచి నాతో తెచ్చిన మిగతా పిల్లల రిజిస్టర్లు కూడా చూసి, "వీళ్లంత గదిల గూసుండి రాసిండ్రు," అని మూతి విరిచాడు. గంగారాం వరుసల దగ్గర ఆగాడు. "ఇది మంచిగున్నది. దీనికి ట్రెండ్ గీయి. ప్లాంట్ల గిట్లనే గీస్తం, పీడనం ఎట్ల పోతున్నదో ఒక్క చూపుల తెలుస్తది." గ్రాఫు కాగితం మీద పదునైన పెన్సిలుతో గీశాను. అడ్డంగా వారాలు, నిలువుగా బీపీ, పైదానికి ఎర్ర గీత, కిందిదానికి నీలం. ఏడో శుక్రవారం పై బీపీ రెండు వందల నాలుగు, కిందిది నూట ఇరవై ఆరు వచ్చినప్పుడు నా మొదటి ఆలోచన కాగితం పైభాగంలో గీతకు చోటు సరిపోతుందా అని. ఇది ఇప్పుడు సిగ్గుతో కల్పించి రాస్తున్నది కాదు. సరిపోయింది. గ్రాఫుకు "ఏడు వారాల పరిశీలన" అని పేరు పెట్టి ఫైలులో పరిశోధన అట్ట కింద చేర్చాను. ప్రసాద్ గారు చూసి, "అబ్బ, ఇదండీ ప్రొఫైల్ అంటే," అన్నారు. ఎనిమిదో వారం నుంచి పరీక్షలు. శిబిరం ఆగిపోయింది. సర్టిఫికెట్టుకు కావలసిన గంటలు అందరికీ నిండాయి కనుక మళ్లీ మొదలు కాలేదు కూడా.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు నా ఫైలును పైపైన తిప్పారు. మధ్యలో ఉన్న పెద్దావిడ, జుట్టు మొత్తం నెరిసిన డాక్టరు, గ్రాఫు దగ్గర ఆగి చాలాసేపు చూసింది. మీరే గీశారా అని అడిగింది. అవునన్నాను. చాలా శుభ్రంగా ఉందంది. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడు పెన్సిలు కొనను ఎర్ర గీత మీద పెట్టి మెల్లగా పైకి జరుపుతూ అడిగింది: "వీటిలో ఏ వారమైనా ఈ సంగతి మీరు ఎవరికైనా చెప్పారా?"

ప్రశ్న నాకు అర్థం కాలేదు. రీడింగు కచ్చితమైనదని, ప్రతిసారీ మూడుసార్లు తీసి సగటు వేశానని, మిగతావాళ్లు అంచనాగా రాశారని, నేను రాయలేదని చెప్పాను. ఆమె అంతా విన్నది. పెన్సిలు ఏడో వారం మీదే ఉంది. "ఈ మనిషి మీ ఎదురుగా కూర్చున్నాడు కదా," అంది. నేను అవునండీ అన్నాను. ఆమె ఫైలు మూసి, రెండు చేతులతో నా వైపు జరిపింది. బరువైన వస్తువును జరిపినట్టు.

సీటు లేదని రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. బాపు దాన్ని రెండుసార్లు చదివి, ఇంటర్వ్యూలో ఏమడిగారో మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. "రీడింగు తప్పన్నరా?" "అనలే." "మిషన్ తప్పన్నరా?" "అనలే బాపు." ఆయన ఆ వారం ఫ్రిజ్జు కాగితం మీద ఏమీ రాయలేదు. శుక్రవారం పొద్దున డ్యూటీ లేకున్నా బూట్లు వేసుకుని, "పద, ఆ మనిషిని చూసొద్దం," అన్నాడు.

క్యాంప్‌లో గది దొరకడం కష్టం కాలేదు. గది నంబరు రిజిస్టరులో ఉంది కదా. గంగారాం కింది మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేయి ఒడిలో ఎవరో పెట్టిపోయినట్టుగా ఉంది. మూతి కొంచెం పక్కకు పోయింది. మూడు వారాల కింద సైటులో పడిపోయాడని, పెద్దాసుపత్రిలో బాగానే చూశారని, ఇప్పుడు ఇంటికి పంపడానికి టికెట్టు కోసం ఎదురుచూస్తున్నాడని గదివాళ్లు చెప్పారు. నేను తెచ్చిన పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను.

"సీటొచ్చిందా డాక్టర్ సాబ్?" అన్నాడు గంగారాం. మాట ముద్దగా వచ్చింది.

రాలేదన్నాను.

"అస్తది తియ్." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. బాపును చూసి, "మీ కొడుకు మంచిగ చూస్తుండె సార్. ఏడు వారాలు చూసిండు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నిష్ఠూరమేమీ లేకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు: "అన్ని వారాలు చూస్తివి గదా తమ్మీ. ఏమన్న ఉంటే నువ్వే చెప్తవనుకున్న."

ఆయన ఎడమచేయి ముందుకు చాపి, చొక్కా చేయిని పళ్లతో పట్టి పైకి లాక్కున్నాడు. నేను మిషన్ తేలేదు.

బయటికి వచ్చాక బాపు కారు తలుపు తీసి ఎక్కకుండా నిలబడ్డాడు. ప్లాంటులో ఎండకు ఎన్నడూ నీడ వెతుక్కోని మనిషి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. "ప్లాంట్ల గూడ ఫోన్ చేస్తం రా," అన్నాడు. "రీడింగు ఎర్ర గీత దాటితే ఫస్టు కంట్రోల్ రూముకు ఫోన్, తర్వాతనే రాసుడు. రోజూ చేసేదే. అది నీకెన్నడు చెప్పలే నేను." తర్వాత నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను, ఆయన పనిలోకే వచ్చాను. గేజీకి తలనొప్పి రాదు.

ఇప్పుడు వక్రాకు మెట్రో వెళుతుంది. మా అల్ ఘర్రాఫా విల్లాలో ప్లైవుడ్ గోడలు తీసేశారట. ప్రసాద్ గారి పని మాత్రం పెద్దదయింది. ఆయన ఒక్కరు చాయ్ తాగుతూ చేసినదాన్ని ఇప్పుడు అద్దాల ఆఫీసుల్లో, ఏసీలో కూర్చుని చేస్తున్నారు. సేవ చేసిన గంటలను ఫోనే లెక్కపెడుతుందట. చెత్తను ఎవరూ ఇసుకలో పోయనవసరం లేదు. మేం సిగ్గులేకుండా చేసినవి వీళ్లు పద్ధతిగా చేస్తున్నారు, తేడా అంతే. పదిహేడేళ్ల పిల్లకు జబ్బుమనిషి పక్కన ఎట్లా కూర్చోవాలో నేర్పే గడి ఆ జాబితాలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నిఖిత ఫైలు తిప్పుతూ గ్రాఫు దగ్గర ఆగింది. "ఇది సూపర్ ఉంది అంకుల్. ఇట్లాంటిది నా లిస్టులో లేదు," అని ఫోన్ తీసింది. ఫోటో తీయకముందే నేను కాగితం మీద చేయి పెట్టి, ఇక్కడ రాసినదంతా చెప్పాను. రాజేశం అన్న ఇబ్బందిగా కదిలాడు. "గవన్ని ఇప్పుడెందుకు తమ్మీ, పొల్లకు ఇంటర్వ్యూ ఉన్నది," అన్నాడు. ఆ అమ్మాయి తండ్రి మాట వినిపించుకోలేదు. ఫోన్ ఒడిలో బోర్లా పెట్టుకుని అడిగింది.

"ఆయన ఇప్పుడెట్లున్నడు?"

తెలియదన్నాను.

"ఊరేది అంకుల్? మా తాత వాళ్లది అటే. ఫోన్ చేసి అడగొచ్చు."

"మెట్‌పల్లి అవతల."

"అవతలంటే ఏ ఊరు?"

ఫైలు చివర గుచ్చి ఉన్న రిజిస్టరు తీసి ముందుకూ వెనక్కూ తిప్పాను. సీరియల్ నంబరు, పేరు, కంపెనీ నంబరు, గది, వయసు, నాడి, పైది, కిందిది, టైము. తొమ్మిది కాలమ్‌లు, స్కేలు పెట్టి గీసినవి, ఒక్క కొట్టివేత లేదు. ఊరి పేరు ఆయన మొదటి శుక్రవారమే చెప్పాడు. నేను పట్టీ బిగిస్తున్నాను. రెండు వందల నాలుగు, నూట ఇరవై ఆరు అని మాత్రం ఈనాటికీ పేజీ చూడకుండా చెప్పగలను.